ముందు గదిలో నాలుగు డిస్కులు

స్టవ్ మీద టీ మరుగుతుండగా ముందు గదిలోంచి కీచుమని ఒక మోత మొదలైంది. ఖమ్రున్నీసా చెయ్యి ముందుగా గ్యాస్ రెగ్యులేటర్ మీదికి పోయింది. ఆ తర్వాత మెయిన్ స్విచ్చి గుర్తొచ్చింది. ఆ తర్వాత, తెల్లారకముందే కెమెరా సంచి తగిలించుకుని పులివెందుల పెళ్లికి బండి మీద పోయిన కొడుకు అన్సర్ గుర్తొచ్చాడు. మోతకూ కొడుకు బండికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆమె మనసు ఎప్పుడూ ఆ దారినే పోతుంది. ఫోన్ మోగితే ఎవరో పోయారని భయం, మోగకపోతే ఎవరో పడిపోయారని భయం.

"నిఖత్! ఏందే ఆ అరుపు? పేలిపోతాదా ఏంది?"

"పేలదు అత్తా. సర్వర్ అరుస్తాంది." కోడలి గొంతులో రోజూ ఉండే నవ్వు లేదు.

ప్రొద్దుటూరులో వాళ్లది చిన్న స్టూడియో. ఇంటి ముందు గదే స్టూడియో. అన్సర్ పెళ్లిళ్లు తీసుకొస్తే, నిఖత్ కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని కత్తిరించి, అతికించి వీడియోలు చేస్తుంది. పెళ్లిళ్లన్నీ దాచేది బల్ల కింద ఉన్న సర్వర్ అనే నల్ల పెట్టెలో. దానికి వరసగా నాలుగు గూళ్లు, ఒక్కో గూట్లో ఒక డిస్కు. కొన్న కొత్తలో నిఖత్ అత్తకు విడమరిచి చెప్పింది.

"ఒక్కో పెళ్లిని ముక్కలు చేసి నాలుగిట్లోనూ సర్దుతాదత్తా. ఒకటి చెడిపోయినా తక్కిన మూడూ కలిసి దాని ముక్కల్ని మళ్లీ తయారు చేస్తాయి."

"రెండు చెడిపోతేనో?"

అట్లాంటి ప్రశ్న ఆ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తోచదు.

"రెండు పోతే ఏమీ మిగల్దు," అని నిఖత్ అప్పుడు నవ్వేసింది.

ఇప్పుడు ఆ పెట్టె మీద ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. నిఖత్ కడపలో కంప్యూటర్లు బాగుచేసే జావేద్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"డిస్కులు కనపడతాండాయి జావేద్. కానీ ఒకదాన్నొకటి గుర్తుపట్టనట్టు ఉండాయి. నాలుగూ కలిసిన అర్రే ఫెయిల్ అంటాంది. నేను సింహాద్రిపురం పుట్టింటికి పొయ్యేటప్పుడు బాగుండె. నేనే ఆఫ్ చేసి పోయినా. రాత్రొచ్చి, పొద్దున ఆన్ చేస్తే ఇట్లుంది."

"పెట్టె ఎవరన్నా కదిలించినారా అక్కా?"

"ఎవరు కదిలిస్తారు? మా ఆయన పెళ్లిళ్లకు తిరుగుతాండె, ఇంట్లో అత్తమ్మ ఒక్కతే."

గడప దగ్గర నిలబడ్డ ఖమ్రున్నీసా చేతిలోని టీ గ్లాసును కిటికీలో పెట్టేసింది.

రంజాన్ దగ్గరపడుతోందంటే ఆమె ఇల్లంతా తలకిందులు చేస్తుంది. పెట్టెలు దింపి, గిన్నెలు తోమి, గోడ మీది పటాల వెనక సాలెగూళ్లు దులిపి గాని ఆమెకు నెల మొదలైనట్టు ఉండదు. ఈసారి కోడలు ఊళ్లో లేదు. నల్ల పెట్టె గూళ్లలో దుమ్ము పేరుకుని కనపడింది. మీట నొక్కితే డిస్కు సొరుగులాగా బయటికొచ్చింది. నాలుగూ తీసి, తుడిచి, మళ్లీ పెట్టేసింది. స్విచ్చి ముట్టుకోవద్దని నిఖత్ చెప్పి పోయింది. ఆమె స్విచ్చి ముట్టుకోలేదు.

చెప్పాలని నోరు తెరిచింది. అంతలో జావేద్ మాట్లాడాడు. "అయితే అవి పోయినట్టే అనుకోక్కా. డిస్కుల్లోవన్నీ తుడిచేసి అర్రేను కొత్తగా కట్టుకో. కనీసం ఈ పొద్దు పెళ్లన్నా ఎక్కించుకోవచ్చు."

"తుడిచేస్తే పాతవి?"

"ఇంగ రావు."

నిఖత్ మొగుడికి ఫోన్ చేసింది. వెనక పెళ్లి మేళం మోగుతుంటే అన్సర్ గొంతు చించుకున్నాడు. "పుట్టింటికి అంటే చాలు, నీ కాళ్లు నేల మీద నిలవవు! ఆ తొందర్లో సరిగ్గా ఆఫ్ చేసినావో లేదో!"

"సరిగ్గానే చేసినా."

"చేసింటే ఎందుకు పోతాది? నీకు అప్పజెప్పినా సూడు, నాదీ బుద్ధి తక్కువ. ఆ జావేద్ చెప్పినట్టు చెయ్. రాత్రికి ఈ పెళ్లి యాడ పెట్టాల, నా నెత్తి మీదనా?"

ఫోన్ పెట్టేశాడు. నిఖత్ కళ్లు తుడుచుకోలేదు. తెరనే చూస్తూ కూర్చుంది.

చెబితే ఏమవుతుందో ఖమ్రున్నీసాకు తెలుసు. మునుపొకసారి ఉరిమిందని భయపడి వీడియో తయారవుతుండగా ప్లగ్గు పీకేసింది. "ఇంకోసారైతే ఈ గదికి తాళమేస్తా" అన్నాడు కొడుకు. భర్త ఫకీర్ సాహెబ్ చనిపోయినప్పటి నుంచి ఆమెకు లోకమంటే ఆ ముందు గదే. పెళ్లికూతుళ్ల తల్లులు వస్తారు, కూర్చుంటారు, సంబంధాలు చెప్పుకుంటారు, ఆమె టీ ఇస్తుంది. ఆ తలుపు మూసేస్తే తనకు మిగిలేది వంటిల్లూ నాలుగు గోడలూ.

ఎవరో చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. జమ్మలమడుగు నుంచి రత్నమణి వచ్చింది. కూతురు ప్రశాంతి పెళ్లి వీడియో కోసం. ఆ పెళ్లి చర్చిలో జరిగింది. కూతురి పెళ్లయిన కొన్నాళ్లకే రత్నమణి భర్త ఆనందయ్య గుండె ఆగి పోయాడు.

ఖమ్రున్నీసా ఆమెను వసారాలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "ఫొటోలన్నీ ముందే ఇచ్చినారు గదా వదినా?" అంది, ఏం మాట్లాడాలో తోచక.

"ఫొటోలుండాయి వదినా. రోజూ సూస్తాండా. గొంతు యాడుంది ఫొటోల్లో?" రత్నమణి గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుంది. "కూతురి పెళ్లిలో నేనే ప్రార్థన చేస్తానని లేచినాడు. అది మీ కెమెరాలోనే ఉంది. పిల్ల వినాలని కూచోనుంది."

ఖమ్రున్నీసా ఇంక అక్కడ నిలవలేకపోయింది. లోపలికి వచ్చేసరికి తెర మీద అన్నీ తుడిచెయ్యాలా అని అడిగే ఎర్రక్షరాలున్నాయి. నిఖత్ వేలు మౌసు మీద ఉంది.

"ఆపు! ముట్టుకోబాక!"

నిఖత్ ఉలిక్కిపడింది.

"నేనే తీసినా వాటిని. పండగొస్తాందని దులిపినా. నాలుగూ తీసి, తుడిచి, పెట్టినా."

"తడిగుడ్డతోనా?"

"పొడిగుడ్డే! నీ మీద ఒట్టు!"

నిఖత్ కుర్చీలోంచి లేచింది. మొహం ఎర్రబడింది. "తీసినందుకు కాదత్తా. దుమ్ము కనపడింది, తుడిచినావు. నా మొగుడు అన్నేసి మాటలంటాంటే, ఆ గడపలోనే నిలబడి ఇంటాంటివే! అది ఎట్ల ఇన్నావు?"

"భయమేసిందే."

"నాకు మాత్రం భయం ల్యాకనా?"

ఆ మాటకు ఖమ్రున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టె అరుస్తూనే ఉంది.

నిఖతే ముందు కదిలింది. పెట్టె ఆఫ్ చేసి నేల మీద కూర్చుంది. "ఇది పాత పెట్టె. ఏ గూటిది ఆ గూట్లోనే ఉండాల. ఏది యాడ పెట్టినావు?"

"ఏమోనే. నాలుగూ ఒకే తీరు ఉంటే నాకేం తెలుసు!"

"అయితే ఆ పొద్దు చేసినట్టే చెయ్ సూద్దాం. ఆలోచించబాక, ఊరికే చెయ్."

ఖమ్రున్నీసా పెట్టె ముందు చతికిలబడింది. బిస్మిల్లా అనుకుని కుడి చివరి డిస్కు తీసింది. తుడిచి చాప మీద పెట్టింది. దాని పక్కది తీసి మొదటి దాని మీద పెట్టింది. తోమిన పళ్లేలు దొంతి పెట్టినట్టు నాలుగూ పేర్చింది. తర్వాత పైది తీసి మళ్లీ కుడి చివర గూట్లోకి తోయబోయింది.

"ఆగత్తా! తీసేది కుడి నుంచే, పెట్టేదీ కుడి నుంచేనా?"

"ఏ పనైనా కుడి పక్కనుంచే గదే మొదలుపెట్టేది? ఎడమ నుంచి ఎవరు పెడతారు?"

నిఖత్ అరచేత్తో నుదురు కొట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. "అందుకే. దొంతి పైది కుడికి పోయింది. అన్నీ తిరగబడినాయి. ఇప్పుడు ఇంకోసారి తిరగబెట్టినావంటే మొదట్లాగే వస్తాయి. పెట్టు."

"నేనా? వద్దమ్మా, నువ్వు పెట్టు."

"నువ్వే తీసినావు, నువ్వే పెట్టు. నేనుండా గదా పక్కన."

కోడలు పక్కనే ఉండి చూస్తుంటే ఒక్కొక్కటే తోసింది. నిఖత్ స్విచ్చి వేసింది. పెట్టె గురగురలాడింది. ఖమ్రున్నీసా కళ్లు మూసుకుంది. ఇల్లు కాలిపోవడం, పెళ్లివాళ్లంతా వచ్చి గుమ్మం ముందు కూర్చోవడం, అన్నీ రెప్పల వెనక తిరిగాయి. కీచుమోత రాలేదు. కళ్లు తెరిస్తే నాలుగు దీపాలూ పచ్చగా వెలుగుతున్నాయి.

రత్నమణిని లోపలికి పిలిచారు. తెర మీద ఆనందయ్య తెల్ల చొక్కాలో లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు. "ప్రభువా, ఈ బిడ్డను..." అని ఆగిపోయాడు. చర్చి అంతా ఎదురుచూసింది. "అంతా మర్చిపోయినా తండ్రీ. నా కూతుర్ని బాగా సూసుకో, అంతే," అన్నాడు. జనం నవ్వులు. రత్నమణి కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల మీద తల ఆనించి భోరున ఏడ్చింది. నిఖత్ ఆ ముక్కను మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

అప్పుడే అన్సర్ ఫోన్. నిఖత్ కంటే ముందు ఖమ్రున్నీసా అందుకుంది.

"ఏమైందే? కట్టినావా కొత్తది?"

"నేనప్పా, మీ అమ్మను. అన్నీ వచ్చినాయి. చెడగొట్టింది నేను. ఈ పిల్ల కాదు."

అవతల మేళం మోతలోంచి కొడుకు, "నువ్వు మళ్లీ ఆ గదిలోకి..." అని మొదలుపెట్టాడు.

"తాళమేస్తే వేసుకో నాయనా. అది నువ్వు ఇంటికొచ్చినాక. ముందు నువ్వు పొద్దున అన్న మాటలున్నాయే, అవి నిఖత్ పడాల్సినవి కావు, నేను పడాల్సినవి. తప్పయిందని నాకు కాదు, ఆ పిల్లకు చెప్పు."

ఫోన్ కోడలి చెవి దగ్గర పెట్టింది. నిఖత్ విన్నది. చాలాసేపు విన్నది. "ఊ," అంది. మళ్లీ "ఊ" అంది. ఆమె కళ్ల నుంచి పొద్దున రాని నీళ్లు ఇప్పుడు కారాయి. "తాళం గీళం ఏమొద్దు," అంది చివరికి. "అత్తమ్మ ల్యాకపోతే ఈడికొచ్చినోళ్లకు టీ ఎవరిస్తారు, నువ్విస్తావా? బండి మెల్లగా తోలు. నువ్వొచ్చేదాకా ఆమెకు నిద్ర పట్టదు."