పూల్ లైటులో సగం క్లిప్పు

సాలోమోను యోగానంద పార్టీలో చేరిపోయాడని ఎదురింటి ఖాతూన్‌బీ రత్నమ్మతో చెప్పింది. రత్నమ్మ అదే మాటను, ఇంకో రెండు జీపులు కలిపి, కూతురు ఎలిజబెత్‌తో చెప్పింది.

"ఆ జీపులు వాని అంగడి ముందరే ఆగినాయంటమే. పొయ్యేటప్పుడు మామూలుగా పోయినాడంట. వచ్చేటప్పుడు తల తడిసి వచ్చినాడంట. యాడా వాన లేదు. పార్టీలో చేర్చుకునేటప్పుడు తలమీద నీళ్ళు పోస్తారేమో!"

"అది మన చర్చిలోనమ్మా," అంది ఎలిజబెత్.

ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆదివారం చర్చిలో సాలోమోనుకూ ఎలిజబెత్‌కూ పెళ్ళి ప్రకటన చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని పాస్టరు అడుగుతాడు. ఈ మాట చెవిన పడితే మొదట లేచి నిలబడేది పెళ్ళికూతురి తండ్రే.

పార్టీ అంటే ఫ్యాక్షన్ ముఠా. ఎవరి జీపు ఎక్కితే వాళ్ళ మనిషని లెక్కవేసే రోజులవి. తండ్రి ఆనందయ్యకు ఒక తమ్ముడుండేవాడు. అతను ఒకరోజు ఇలాగే జీపెక్కి వెళ్ళాడు. జీపు తిరిగొచ్చింది. అప్పటినుంచి ఆనందయ్యది ఒకటే షరతు. అల్లుడికి ఇల్లు లేకున్నా ఫర్వాలేదు, పార్టీ ఉండకూడదు.

బడి వదలగానే ఎలిజబెత్ టీచరు ప్రొద్దుటూరు బజారులోని సాలోమోను మోటారు వైండింగ్ అంగడికి వెళ్ళింది. ఆకాశం నల్లగా ముసిరి, ఉరిమి, వాన మాత్రం కురవకుండా ఊరుకుంది. కడప జిల్లాలో వానకది అలవాటే.

"ఏమప్పా, నీకు ఏ పదవి ఇచ్చినారు?"

"యాడ?"

"పార్టీలో."

"లైటు రిపేరు పదవి," అంటూ బెంచీ మీదున్న ప్లాస్టిక్ రింగును చూపించాడు సాలోమోను. "జమ్మలమడుగు పక్కన యోగానంద బంగళాలో స్విమ్మింగ్ పూల్ ఉంది. నీళ్ళలోపల గోడకు లైటు. దాన్ని పట్టుకునే రింగు ఇది. ఒక కొక్కెం ఇరిగింది. లైటు ఊడొచ్చి వైరుకు యాలాడతాంది."

"యాలాడితే ఏం?"

"నీళ్ళు కదిలితే లైటు కదులుతాంది. గోడలమీద నీడలు పరిగెత్తుతాండాయి. ఎవరో దూకినారనుకొని కాపలావోళ్ళు నీళ్ళలోకి బాంబేసినారు."

"బాంబుకేమైంది?"

"తడిసింది."

ఎలిజబెత్ పెదవి కొరుక్కుంది. "ఆయప్పకు ఈత వచ్చా?"

"రాదు."

"మరి కొత్త రింగు?"

"బొంబాయి నుంచి రావాల. అంతవరకు ఆయప్ప నిద్రపోడు, నన్ను పోనీడు. బకెట్టు ముక్క అతికిస్తే ఇరుగుతాంది. వంగి మళ్ళా లేసే ప్లాస్టిక్ కావాల." అతని చూపు ఆమె కొప్పు మీద ఆగిపోయింది.

"ఏంది అట్ల చూస్తాండావు?"

"శానా బాగుంది."

"ఏంది?"

"క్లిప్పు. స్ప్రింగు మాదిరి ఉంది."

ఎలిజబెత్ అతన్ని ఒక చూపు చూసింది. తర్వాత గులాబీరంగు పూల క్లిప్పును లాగి బెంచీ మీద పెట్టింది. "ఇదే ఆఖరు. పని ముగించుకొని రా. మళ్ళా ఆ జీపెక్కితే ఆదివారం నేనే లేసి అభ్యంతరం చెప్తా."

విడిపోయిన జుట్టును ఆమె ముడివేసుకుంటూ వెళ్తుంటే అతను చూడలేదనే ఆమె అనుకుంది. చేతిలోని సోల్డరింగ్ ఐరన్ బెంచీకి చేసిన బొక్క మాత్రం వేరే సాక్ష్యం చెబుతుంది.

క్లిప్పును రెండుగా విడదీశాడు. పళ్ళున్న ఒక సగాన్ని రింగు మీద పెట్టి, రెండింటినీ వేడికి మెత్తబరిచి అతికించి, అతుకు మీద సన్నటి రాగితీగతో కుట్లు వేశాడు. మర్నాడు బస్సులో వెళ్ళాడు. బంగళాలో ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకొని నీళ్ళలోకి దిగాడు. రింగు టక్కున పట్టింది. సాయంత్రం లైటు కదలకుండా వెలిగింది. సాలోమోను బస్సులోనే వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం ఆనందయ్య వాకిట్లో జీపు ఆగింది.

ముందు సాలోమోను దిగి ఎలిజబెత్ వైపు చూశాడు. "నేను ఎక్కలా. ఎక్కించినారు."

వెనక యోగానంద దిగాడు. ఆయన తర్వాత ఆయన భార్య కృష్ణవేణమ్మ దిగింది. ఆమె చేతిలో పూల్ లైటు రింగు ఉంది. రింగు అంచున గులాబీరంగు పూరేకులు.

జరిగిందిదీ. లైటు వెలగ్గానే నీళ్ళలో ఆడవాళ్ళ క్లిప్పు మెరవడం కృష్ణవేణమ్మ చూసింది. ఆమె పులివెందుల ఆడపడుచు. అరవలేదు, ఏడవలేదు. పొయ్యి ఆర్పేసింది. యోగానంద బయట మెతుకు ముట్టడు, ఎవరు ఏం కలుపుతారోనని. మూడు మండలాలను వణికించే మనిషి నిన్న రాత్రి నుంచి మంచినీళ్ళ మీద ఉన్నాడు.

"ఏం పాపా," అంది కృష్ణవేణమ్మ. "ఈ క్లిప్పు నీదంటాడు ఈ పిల్లోడు. మా ఇంటాయన నేర్పిచ్చి చెప్పిస్తాండాడని నా అనుమానం. నీ నోటితో చెప్పు."

ఎలిజబెత్ తండ్రి వైపు చూసింది. ఆనందయ్య జీపు వైపు చూస్తున్నాడు.

"నాదే," అంది ఎలిజబెత్. "నేనే ఇచ్చినా."

"రుజువేంది?"

సాలోమోను చొక్కా జేబులోంచి మిగతా సగం తీశాడు. కృష్ణవేణమ్మ రెండు సగాలనూ దగ్గర పెట్టింది. పూలు కలిశాయి.

"పని అయిపోయినాక దీన్ని జేబులో యాల పెట్టుకుంటివిరా?"

"పారెయ్యబుద్ధి కాలేదమ్మా."

కృష్ణవేణమ్మ భర్త వైపు తిరిగింది. "చూసి నేర్చుకో."

యోగానంద నేర్చుకునే ఓపికలో లేడు. "తేలిపోయింది గదా, ఇంటికి పోదాం పదమ్మే. వండుదువు."

"ఒక మాట అయ్యా," అన్నాడు ఆనందయ్య. "ఈ పిల్లోడు మీ పార్టీలో ఉండాడా?"

"వీడా?" యోగానంద కళ్ళు పెద్దవయ్యాయి. "వీణ్ణి పార్టీలో పెట్టుకుంటే నేను ఆకలికి సస్తానప్పా! ఇంకోసారి నా గేటు లోపలికే రానీను."

"ఇంకొంచెం గట్టిగా చెప్పండయ్యా. ఎదురింటామెకు గూడా ఇనపడాల."

యోగానంద గట్టిగా చెప్పాడు. ఎదురింటి తలుపు సందులోంచి ఖాతూన్‌బీ, వినపడిందన్నట్టు తలాడించింది.

"అయితే రేపు ప్రకటన చదివిస్తా," అన్నాడు ఆనందయ్య. రత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సాలోమోను క్లిప్పు సగాన్ని మళ్ళీ జేబులో వేసుకోబోతే ఎలిజబెత్ చూసింది. చూసి ఊరుకుంది.

అన్నం ఖాయమయ్యేసరికి యోగానందకు ఉత్సాహం వచ్చింది. "పెళ్ళికి మేమూ వస్తాం పాపా. మనోళ్ళందర్నీ పిల్చుకొని, జీపులన్నీ కట్టుకొని వస్తాం!"

"రాండి," అంది ఎలిజబెత్. "మా చర్చిలోకి చెప్పులు బయట ఇడిసి రావాల. నడుముల్లో దోపుకున్నేటివి గూడా ఆడనే ఇడిసి రాండి."