అంచుమీది అమ్మ

"తిన్నవా బిడ్డా?" గోడ మీది పలక అడిగింది.

"తింటున్ననే అమ్మా," అని సుగుణ కంచం ముందుకు జరుపుకుంది. ఆ ప్రశ్న వినపడందే ఆమెకు ముద్ద దిగదు. తల్లి ఓదెమ్మ పోయి ఏడాది కావస్తున్నా దిగదు.

గోదావరిఖనిలో ఇప్పుడు ప్రతి ఇంటిగోడకూ ఇలాంటి అంచుపలక ఒకటి ఉంటుంది. బొగ్గు అయిపోయిన గనుల్లో, నేలలోపలి చల్లదనంలో, పొర మీద పొరగా పెంచిన అతివాహక స్ఫటికం అది. పలక నడిమధ్య కరెంటు పారదు. అంచు వెంబడి మాత్రం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. తరగదు, వేడెక్కదు, అలసిపోదు. మొదట దాంతో ఊళ్లకు దీపాలు పెట్టారు. తర్వాత బతికున్న మనిషి మాటతీరునూ మతినీ ఆ అంచులోకి ఎక్కించడం నేర్చారు. దాంతో చావు సగం పని చేసి ఊరుకోవలసి వచ్చింది.

ఓదెమ్మ పోయాక పలక నాకంటే నాకని సుగుణ, తమ్ముడు రాజేశం పట్టుబట్టారు. ఇద్దరిలో ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి పలకలు కోసే భూమయ్య దగ్గరికి వెళ్లారు.

"కోస్తే ఏంగాదక్కా," అన్నాడు భూమయ్య. "కోసిన కాడ కొత్త అంచు పుడ్తది. కరెంటు దాని ఎంట తిరుగుతది. రెండు ముక్కలల్ల నిండు అమ్మనే ఉంటది."

అన్నట్టే ఉంది. ఒక అమ్మ సుగుణతో, ఇంకో అమ్మ మంచిర్యాలలో రాజేశంతో. తాము ఇద్దరమని మాత్రం ఆ అమ్మలకు చెప్పలేదు. ఆ ధైర్యం పిల్లలకు లేకపోయింది. ఇక్కడి అమ్మ, "తమ్ముడు ఇంటికి రాడేందే?" అని బెంగపడేది. అక్కడి అమ్మకు అక్క మీద బెంగ. వినలేక, సంవత్సరీకం నాడు రెండు ముక్కలనూ మళ్లీ అతికిద్దామనుకున్నారు.

భూమయ్య బల్ల మీద ముక్కలు పక్కపక్కన పెట్టారు.

"రాజేశం, ఏడికి తీసుకొచ్చినవ్‌రా?" అంది ఒక ముక్క.

వెంటనే రెండోది అందుకుంది. "ఎవలది, నా గొంతుతోని మాట్లాడుతున్నది?"

"నేను ఓదెమ్మను."

"మరి నేనెవలను?"

భూమయ్య పట్టకారు కింద పెట్టేశాడు. కోసిన ముక్కలను అంతకుముందు ఎవరూ మళ్లీ ఒకచోటికి తేలేదు. అతనికీ ఇది కొత్తే.

"అతికిస్తే ఎవలుంటరు?" రాజేశం గొంతు తగ్గించి అడిగాడు.

"కలిపిన కాడ అంచు మాయమైతది. ఒక్కలే ఉంటరు. ఎవలో నేను చెప్పలేను."

ముక్కలు ఆ మాట విన్నాయి. "ఆమెను చంపకు బిడ్డా," అంది సుగుణ అమ్మ. "ఆమెను చంపకురా," అంది రాజేశం అమ్మ, అదే క్షణంలో. నన్ను చంపకు అని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

ఎవరి అమ్మను వాళ్లు తీసుకొని ఇంటిదారి పట్టారు. గండం గడిచిందనుకుంది సుగుణ.

మర్నాడు కంచం ముందు కూర్చుంది. పలక పలకలేదు. అన్నం చల్లారిపోయింది. ఇక ఉండలేక, "అమ్మా," అని తనే పిలిచింది.

"ఆమె ఎట్లున్నదో," అంది ఓదెమ్మ. "ఒక్కతే ఉన్నది గదా."

"నేనింక తినలేదే అమ్మా."

"ఆమెతోని మాట్లాడిపియ్యి బిడ్డా."

రాజేశానికి ఫోన్ చేస్తే అక్కడా అదే పాటట. ఆ రోజు రెండిళ్ల మధ్య కలిపిన ఫోను మళ్లీ పెట్టేసింది లేదు. ఇద్దరు ఓదెమ్మలూ ఊసులాడుకుంటూనే ఉన్నారు. కూతురి పేరు గానీ, కొడుకు పేరు గానీ అందులో రాదు. సుగుణకు బట్టలు వదులయ్యాయి. తల్లి పోయిన నాడు కూడా ఆమె ఇంత అనాథనయ్యానని అనుకోలేదు. రోజూ కంచం పెట్టుకొని, ఆ మాటల మధ్య సందు దొరుకుతుందేమోనని చెవి ఒగ్గి కూర్చుంటోంది.

ఒక మధ్యాహ్నం పలక అడిగింది.

"తిన్నవా?"

సుగుణ గబగబా ముద్ద కలిపి నోటిదాకా తెచ్చింది.

"తిన్న," అని ఫోనులోంచి అదే గొంతుతో జవాబు వచ్చింది. "నువ్వు తిన్నవా?"