స్విచ్చి మీద చెప్పులు

దెయ్యాలు చీకట్లోనే తిరుగుతాయని చెప్పినవాడెవడో గానీ, మా యార్డులో ఒక్క పూట కూడా పనిచేసి ఉండడు. మాది ఎండతో నడిచే పని. మబ్బు పట్టిందంటే ఖాళీగా కూర్చోవడమే.

గుడ్డలకి రంగు అద్దాక మిగిలిన ఎర్రనీళ్ళు ఫ్యాక్టరీ నుంచి మా సిమెంటు తొట్టిలోకి వస్తాయి. అందులో పిండిలాంటి తెల్లపొడి కలుపుతాం. పొడి అడుగుకి దిగిపోకుండా తొట్టి లోపల మనిషి పొడుగు ఇనుప తెడ్లు తిరుగుతుంటాయి. ఆ నీళ్ళని పంపు ఎండలో వాలుగా పరిచిన రెండువందల గాజు గొట్టాల్లోకి తోస్తుంది. ఎండ తగిలిందా, ఆ పొడికి ప్రాణం వస్తుంది. రంగునీ విషాన్నీ విరిచి పారేస్తుంది. పొద్దున చిక్కగా ఎర్రగా ఉన్న నీళ్ళు సాయంత్రానికి తేటగా అయిపోతాయి. గంటకోసారి సీసాలో నీళ్ళు పట్టి, ఎండకెత్తి చూసి, రంగు రాసి సంతకం పెట్టడం నా పని. పంపూ తెడ్లూ మా అన్నవి. అన్నకి ముక్కు మీద కోపం, నాకు నోటి నిండా కోపం. మీ ఇద్దర్నీ ఒకేచోట పెట్టిన మేనేజరుకి దండం పెట్టాలి అని వదిన నవ్వేది.

తొట్టిలోకి దిగాలంటే మాకో పద్ధతుంది. దిగేవాడు చెప్పులు విప్పి స్విచ్చి హేండిల్‌కి తగిలించాలి. హేండిల్ పైకి ఉంటే తెడ్లు ఆగినట్టు, కిందికి లాగితే తిరిగినట్టు. చెప్పులు వేలాడుతుంటే లోపల మనిషున్నాడని, ఎవరూ హేండిల్ ముట్టుకోకూడదని.

మా ఫిట్టరుకి పనిచేస్తూ ఈల వెయ్యడం అలవాటు. అందరం ఈలాయన అనేవాళ్ళం. పోయిన ఏడు నాలుగు రోజులు ముసురు పట్టింది. ఈలాయన రోజూ తొట్టిలో రిపేర్లు చేస్తూ, ఇంకెవరూ ముట్టుకోరులే అని పైకొచ్చాక కూడా పాత రబ్బరు చెప్పులు హేండిల్‌కే వదిలేసేవాడు. ఐదోరోజు ఒక్కసారిగా ఎండ కాసింది. తొట్టిలో నాలుగు రోజుల ఎర్రనీళ్ళు ఛాతీ లోతున నిలిచి ఉన్నాయి. ఫోన్లో మేనేజరు ఒకటే అరుపులు. అన్న పరిగెత్తుకొచ్చి, "ఈయనకి చెప్పులు పెట్టుకోడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా!" అని వాటిని విసిరికొట్టి హేండిల్ లాగేశాడు.

నిలువెత్తు తొట్టి గోడ అవతల ఏం కనబడుతుంది? తొట్టిలోంచి ఒకే ఒక్క అరుపు వచ్చింది. ఆ తర్వాత తెడ్లు దేన్నో నరుకుతున్న చప్పుడు. అన్న ఆపేసరికి ఈలాయన చెయ్యి తెడ్డుకి చుట్టుకుని పైకి లేచింది. చెయ్యి ఒక్కటే.

"చెల్లీ... నాకిద్దరు పిల్లలే..." అన్నాడు అన్న, నా కాళ్ళు పట్టుకుని.

దొరికినదంతా పీపాలో వేసి, భోజనాల వేళ ఫ్యాక్టరీ బాయిలరు మంటలో పడేశాం. దొరకనిది గాజు గొట్టాల్లో మూడు రోజులు ఎండలో తిరిగింది. మూడోనాటి సాయంత్రం సీసా ఎత్తి చూశాను. తేటగా ఉంది. సంతకం పెట్టేశాను. ఈలాయన భార్య గేటు దగ్గరికొచ్చి ఏడిస్తే, "ఎవత్తెతోనో వెళ్ళిపోయాడమ్మా, ఇంక మర్చిపో" అని మొహమ్మీదే అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

ఇంకో మాట. అన్నక్కూడా చెప్పలేదు. ఆరోజు అన్న హేండిల్ లాగేముందు... తొట్టిలోంచి ఈల నాకు వినబడింది. విని కూడా, మేనేజరు తిట్లకి భయపడి, షెడ్డు వెనకనుంచిలే అని సరిపెట్టుకున్నాను.

ఈ ఏడు మళ్ళీ నాలుగు రోజుల ముసురు. ఐదోరోజు కళ్ళు చెదిరే ఎండ. పొద్దున్నే పంపు వేశాం. మిట్టమధ్యాహ్నానికి గొట్టాలన్నీ లేతరంగుకి వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ గొట్టంలో నీళ్ళు చిక్కగా, నల్లెరుపుగా ఉన్నాయి. ఎండకి కాగిన గాజు వాసనలో ఇంకేదో వాసన కలిసింది... ఇనుముని నోట్లో పెట్టుకున్నట్టు. దగ్గరికెళ్ళి చూశాను. గాజు లోపలివైపు తెల్లపొడి పేరుకుని ఉంది. ఐదు వేళ్ళు. ఒక అరచెయ్యి.

"అన్నయ్యా..."

"పొడి గడ్డకట్టిందే. నువ్వు, నీ భయాలూనూ!" అని అన్న వంగి గాజు మీద వేలితో కొట్టాడు.

గొట్టం పేలింది. గాజుపెంకు అన్న కనుబొమ నుంచి దవడ దాకా చీల్చేసింది. పక్క గొట్టం పేలింది. ఆ పక్కది. నెత్తురు కారుతున్న మొహంతో అన్న పాక్కుంటూ వెళ్ళి పంపు ఆపాడు. అప్పుడే తొట్టిలో తెడ్లు కీచుమని వాటంతటవే ఆగిపోయాయి. ఏదో అడ్డం పడింది.

నేను హేండిల్ పైకెత్తేశాను. "ఆస్పత్రికి పద, నీకు దండం పెడతా" అన్నాను. వింటేగా! తొట్టిలో ఏం దొరుకుతుందోనని వాడి బెంగ వాడిది. మేనేజరు వచ్చి చూసేలోగా తీసెయ్యాలన్నాడు. మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. చెప్పులు విప్పి హేండిల్‌కి తగిలించాడు.

"ఇక్కణ్ణుంచి కదలకు చెల్లీ."

"కదలను. నా ప్రాణం పోయినా సరే, కదలను."

రెండు చేతులతో హేండిల్ని పైకి పట్టుకుని నిలబడ్డాను. అన్న నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. యార్డంతా నిశ్శబ్దం. నెత్తిమీద ఎండ. నా నీడ నా పాదాల కిందే ఉంది.

అప్పుడు... ఈల.

తొట్టిలోంచి కాదు. నా వెనకనుంచి. నా చెవి పక్కనుంచి.

"చెల్లీ," అన్న గుసగుసగా పిలిచాడు. "నా కాలు... ఎవరో పట్టుకున్నారే..."

నా చేతుల మీద ఇంకో చెయ్యి పడింది. తడిగా ఉంది. ఎండలో కాగిన నీళ్ళలా కాలుతోంది. కనబడటం లేదు... బరువు మాత్రం తెలుస్తోంది. కిందికి నొక్కుతోంది. "వద్దు, ఈలాయనా! తప్పు నాది! నేను విన్నాను!" అని అరిచాను. నా వేళ్ళు రెండు పటుక్కున విరిగాయి. అయినా వదల్లేదు. హేండిల్ నా చేతులతో పాటే కిందికి దిగింది.

అన్న "అమ్మా" అన్నాడు. తెడ్లు ఆ మాటని సగంలో తెంపేశాయి. ఎర్రనీళ్ళు గోడ మీదికి, నా మొహం మీదికి కొట్టాయి. హేండిల్ పైకి లేపుదామని ఎంత గుంజినా రాలేదు. తెడ్లు వాటి పని పూర్తిచేసుకుని ఆగాయి.

పోలీసులు హేండిల్ మీద చేతి గుర్తులు తీశారు. అన్నీ నావే. చివరికి ప్రమాదమని రాసుకుని వదిలేశారు. వదిన మాత్రం వదల్లేదు. "నువ్వు పట్టుకుంటానంటేనే కదా దిగాడు" అంది. అదే ఆఖరు, మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేను ఉద్యోగం మానేశాను. యార్డుకి తాళం పడింది.

మళ్ళీ నాలుగు రోజులు ఊరంతా ముసురు పట్టింది. ఇవాళ పొద్దున కిటికీ తీస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది. రాత్రి గొళ్ళెం నేనే వేశాను, వేసినట్టే ఉంది. గడప లోపల విప్పిన నా చెప్పులు మాత్రం లేవు. అవి ఎక్కడ వేలాడుతున్నాయో నాకు తెలుసు.

స్నానానికి పెట్టుకున్న బకెట్లో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.