అక్క అడగని బిడ్డ

రొట్టెల బట్టీలో రాత్రి పని ముగించుకుని వచ్చిన భర్త, చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా నేల మీద కూర్చుని భార్య చెప్పుల పట్టీలు పెట్టాడు. ఆమె కడుపులో ముగ్గురున్నారు. అయిదో నెలకే నెలలు నిండినట్టు కనిపిస్తోంది. వంగడం ఎప్పుడో మానేసింది. స్కానింగుకి తానూ వస్తానన్నాడు కానీ, ఆ మాట అంటూనే అతని కళ్ళు మూతలు పడుతున్నాయి. పడుకోమని చెప్పి, తల్లిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

తోడుకి మనిషైతే ఉంది. ఆమె మనసు కోరుకున్న మనిషి మాత్రం వేరు. అక్క. తల్లి హాస్టల్ వంటగదిలో పనికి పోతుంటే ముక్కు తుడిచి, జడలు వేసి, బడికి పంపి పెంచింది అక్కే. క్షణం ఊరుకోకుండా వాగుతుందని ‘పిచ్చుక’ అని పేరు పెట్టిందీ అక్కే. ఆ అక్కకి పిల్లల్లేరు. ఏళ్ళ తరబడి సూదులూ మందులూ వాడి, చివరికి ఇక చాలనుకుని భార్యాభర్తలిద్దరూ ఊరుకున్నారు. చెల్లెలు నెల తప్పిందని తెలిసినప్పుడు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది. ముగ్గురని తేలిన కొద్దిరోజులకే రావడం మానేసింది. ఫోన్ చేస్తే పనిలో ఉన్నాననేది. గుమ్మం దగ్గర చప్పుడైనప్పుడల్లా చెల్లెలు కుట్టుమిషను ఆపి చూసేది. ఎవరో పక్కింటివాళ్ళు అయ్యుండేవారు.

టాక్సీలో ఆ దిగులే తల్లితో చెప్పుకుంది. అక్కకి నా మీద కోపమా అని అడిగింది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ, కోపం కాదు, నీకు మొహం చూపించలేకపోతోందేమో అంది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. ముగ్గురిలో ఒకర్ని నీకిప్పిస్తానని తల్లి అక్కకి మాటిచ్చిందట.

"నన్నడక్కుండానే?"

"తప్పేముందే? నువ్వేమో ముగ్గుర్ని ఎత్తుకోలేవు. దానికేమో ఒక్కరూ లేరు. మీరిద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే కదా."

చెల్లెలు ఆసుపత్రి వరండాలో కూర్చున్నాక అక్కకి ఫోన్ చేసి, వెంటనే రమ్మని మాత్రం చెప్పి పెట్టేసింది.

అక్క ఆ పక్కవీధిలోనే ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పనిలో కట్టుకునే గుడ్డ కూడా విప్పకుండా, రొప్పుకుంటూ వచ్చింది. చెల్లెలి కడుపు చూసి అక్కడే ఆగిపోయింది. ఇంత పెరిగి ఉంటుందని ఆమె అనుకోలేదు.

"అమ్మ ఆ మాటంటే నువ్వు సరేనన్నావా?" అంది చెల్లెలు.

తల్లి ఏదో సర్దిచెప్పబోయింది. అక్క వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"అనలేదు. వద్దనీ అనలేదు. వద్దందామనే నోరు తెరిచాను పిచ్చుకా, మాట రాలేదు. అప్పట్నుంచీ నా బుర్ర నా మాట వినడం లేదు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే, ఒళ్ళో బిడ్డుంటే గాలి ఎక్కువ తగుల్తుందేమో అని జరిగి కూర్చుంటున్నాను. నీ దగ్గరికొస్తే నా మొహం చూసి కనిపెట్టేస్తావు. అందుకే రాలేదు."

చెల్లెలికి కోపం పోలేదు. ఏడుపు కూడా వస్తోంది. అంతలో నర్సు లోపలికి పిలిచింది.

డాక్టరమ్మ తెర మీద ఒక్కొక్కరినే చూపించింది. ఇద్దరు బాగానే ఉన్నారు. మూడో బిడ్డ దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. మిగతా ఇద్దరికంటే బాగా చిన్నగా ఉందనీ, రక్తం సరిగ్గా అందుతున్నట్టు లేదనీ, ఇకనుంచి వారం వారం రావాలనీ చెప్పింది. నిలబడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. పుట్టని బిడ్డని పంచిపెట్టిన తల్లి ఆ మాట విని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అక్క తెర వైపు చూడనేలేదు.

"మా చెల్లెలికేం ప్రమాదం లేదు కదండీ?"

ప్రస్తుతానికి లేదని డాక్టరమ్మ చెప్పింది. కాసేపాగి అక్క మళ్ళీ అదే అడిగింది. ఈ నెలల్లో అందరూ పిల్లలెలా ఉన్నారనే అడిగారు. తనకేమవుతుందోనన్న భయం చెల్లెలు భర్తకి కూడా చెప్పుకోలేదు. పడుకున్నచోటే ఆమెకి కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. అక్క వాటిని అరచేత్తో తుడిచింది.

బయటికొచ్చాక చెల్లెలు అక్క చెయ్యి వదల్లేదు.

"నేనెవర్నీ ఇవ్వలేనక్కా."

"తెలుసు."

"ఆ చిన్నది నిలుస్తుందో లేదో కూడా తెలీదు. నాకు భయంగా ఉంది. నువ్వు మాత్రం రాకుండా ఉండకు."

"వస్తాను," అంది అక్క. "కానీ ఆశ ఒక్కరోజులో చావదే. ఎప్పుడైనా నేను గదిలోకెళ్ళి తలుపేసుకుంటే, ఏమైందని అడక్కు."

"అడగను. కాసేపయ్యాక తలుపు కొడతాను."

తిరిగి వచ్చేటప్పుడు తల్లి ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంది. కొంతదూరం వెళ్ళాక, వెనక్కి తిరక్కుండానే అంది. "తప్పు నాదేనే. ఒకదాని ఏడుపు మాన్పుదామని ఇద్దర్నీ ఏడిపించాను." అక్క వెనకనుంచి ఆమె భుజం నొక్కింది, అంతే.

దారిలో ఒకచోట రోడ్డు తవ్వేశారు. టాక్సీ గుంటల్లో పడి లేస్తుంటే, అదురు తగలకుండా అక్క చెయ్యి చటుక్కున చెల్లెలి కడుపు మీదికి వెళ్ళింది. మంచి రోడ్డు వచ్చాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది. చెల్లెలు తియ్యమనలేదు.