మిషన్ అమ్మి తెచ్చిన నైటీలు

దసరా పొద్దున అమీర్‌పేట సందులో రాఘవేందర్ దుకాణం షట్టర్ ఎత్తి, కొత్త నైటీలను గుమ్మానికి వేలాడదీశాడు. దుకాణం ఇంత నిండుగా కనబడి ఎన్నాళ్లయిందో! చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు, వాటి కింద హాస్టల్ అమ్మాయిలు. వాళ్లలో జాకెట్లు కుట్టించుకునే తీరిక ఎవరికుంది? రెడీమేడ్ దొరికితే కొనుక్కుపోయేవాళ్లే అందరూ.

తల్లి బుచ్చమ్మ కంటి ఆపరేషన్ అయ్యాక కూతురింట్లో ఉండి, ఆ రోజే తిరిగొచ్చింది. నల్లకళ్లజోడుతో, పసుపు కుంకుమల పళ్లెంతో నేరుగా దుకాణానికే వచ్చింది. మొగుడు పోయాక కుట్టు మిషన్ తొక్కి కొడుకును పెంచింది. దసరానాడు మిషన్‌కు బొట్టు పెట్టందే మంచినీళ్లు కూడా ముట్టదు.

"మిషన్ ఏడవెట్టినవ్ బిడ్డా?"

రాఘవేందర్ గుమ్మానికి వేలాడే నైటీల వైపు చెయ్యి చూపాడు. "అమ్మిననే అవ్వా. గా పైసలతోనే గీ సరుకంత నింపిన. ఒక్కటి వోయి గిన్ని వచ్చినయ్. ఇంక నువ్వు కష్టపడే పని లేదు."

ఆమె ఒక నైటీని చేత్తో తడిమి చూసింది. "ఇవి అమ్ముడువోతే?"

"మల్ల తెస్త."

"తెచ్చే పైసలల్లనే తినాలె సుత. తక్కువవడ్డనాడు ఏం జేస్తవ్? పాలమ్ముకొని బతుకుతరు గని, బర్రెనమ్మి పాలు తెచ్చుకుంటరారా?"

"నీకు కండ్లు కనవడ్తలేవనే గద..."

"సూదిల దారం ఎక్కియ్యనీకే గద, కన్ను కోయించుకున్న."

తల్లి సుఖపడాలనే అనుకున్నాడు పాపం. ఆమె సుఖం దేంట్లో ఉందో ఒక్క మాటైనా అడగలేదు.

"వాపస్ తెస్తనే. ఎర్రగడ్డల ఒకామె కొన్నది. ఇప్పుడే పోయి అడుగుత."

"ఇయ్యాలనా? ఈపాటికి ఆమె సుత మిషన్‌కు బొట్టు వెట్టి మొక్కుకొని ఉంటది. ఇంక అది ఆమెదే. పండుగపూట ఆడిమనిషి చేతిలకెల్లి గుంజుకొస్తమా?"

గోడవారన బండ మీద మిషన్ ఇనుపకాళ్లు వదిలిన నల్లటి గుర్తులున్నాయి. కొత్తగా వచ్చిన చూపుతో బుచ్చమ్మ వాటిని వెతుక్కుని, కింద కూర్చుని, ఒక్కోదానికి కుంకుమ పెట్టింది. రాఘవేందర్ ఆమె ఒడిలో తల పెట్టి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె అతని తల నిమిరింది.

"నువ్వు ఏడ్వు బిడ్డా. నన్నైతే ఏడ్వొద్దన్నడు డాక్టర్."