చిట్టితల్లి చెవులు

"కంచే చేను మేసిందయ్యా," అంటూ చీఫ్ ఫైలు బల్లమీద పడేశాడు.

రేవుకి కాపలా కాసే డాల్ఫిన్ పక్కనుంచే విదేశీ ముఠా డైవర్ దర్జాగా ఈదుకుంటూ పోయాడట. రేవులో ఆగి ఉన్న ఓడ అడుగున బాంబు పెట్టాడు. పొద్దున పదకొండుకి పేలుతుంది. ఓడలో మూడువందలమంది. ఖాళీ చేయిస్తే ఇప్పుడే మీట నొక్కేస్తామని ముఠా బెదిరింపు. డాల్ఫిన్ శిక్షకుడు అమ్ముడుపోయాడు కాబట్టి వాడిచేత బాంబు పెట్టిన చోటు కక్కించమని ఆర్డరు.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని ఆఫీసులో ముంగి అంటారు. ముంగి పశువుల డాక్టరు కోటు తొడుక్కుని రేవుకెళ్లాడు.

ఓడ పక్కనే డాల్ఫిన్ కొలను. డాల్ఫిన్ వినికిడి పరీక్షించే శాస్త్రవేత్త అక్కడే ఉంది. మనిషి సినిమాతారలా ఉంది. డాల్ఫిన్ చెవులు భేషుగ్గా ఉన్నాయని రిపోర్టు చూపించింది. శిక్షకుడు చెయ్యెత్తి ఈల వేశాడు. డాల్ఫిన్ ఎగిరింది.

"చేతులు వెనక్కి కట్టుకుని ఈల వెయ్యి," అన్నాడు ముంగి.

ఈల మోగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇన్నాళ్లూ అది చేతిని చూసి ఎగిరిందే తప్ప ఈల విని కాదు. మసక నీళ్లలో తన కూతకి వచ్చే ప్రతిధ్వని వినే అది మనిషిని పసిగట్టాలి. చెవులే పోతే ఇంకేం కాపలా!

శిక్షకుడు వంగి డాల్ఫిన్ తల నిమిరాడు. "రెండూ కలిపి చెయ్యడం అలవాటు డాక్టరుగారూ. నా చిట్టితల్లికి వినబడట్లేదని నాకే తెలీలేదు."

తన రిపోర్టు అబద్ధమని తేలిపోగానే శాస్త్రవేత్త ముఠాకి కబురందించడానికి లిప్‌స్టిక్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ నోటిదాకా తెచ్చింది. ముంగి ఆవిడ చెయ్యి పట్టుకుని ఓడ నిచ్చెనకి బేడీ వేసేశాడు. ఇక ఆవిడ ప్రాణానికీ పదకొండే గడువు.

పది యాభైకి నోరు విప్పింది. "ప్రొపెల్లర్ వెనకాల. దాన్ని చెవిటిదాన్ని చేసింది మాత్రం నేను కాదు. వారంపాటు రేవు నీళ్లని సోనార్ శబ్దాలతో హోరెత్తించింది మీ చీఫే. నేను రిపోర్టు మార్చానంతే."

ముంగి నీళ్లలోకి దూకాడు. బాంబు తీగ తెగేసరికి దాని గడియారంలో రెండు సెకన్లు మిగిలాయి.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. సోనార్ సంగతి రహస్యం కాబట్టి నిర్లక్ష్యం నేరంకింద శిక్షకుణ్ణి ఇంటికి పంపేశారు. ముంగికి ఒళ్లు మండిపోయింది.

"మూడువందల ప్రాణాలు నిలిచాయి. ఒక చేప చెవులు పోతే ఏంటయ్యా?" అన్నాడు చీఫ్.

"అది చేప కాదు సార్," అన్నాడు ముంగి.

అప్పటికే చీఫ్ వచ్చేవారం సోనార్ పరీక్షల కాగితంమీద సంతకం పెడుతున్నాడు.