మూడో ఫిర్యాదు

ఏడో నంబరు బస్సు డ్రైవరుకి ఎనిమిది నెలలుగా ఒక జత కళ్ళంటే ప్రాణం. మిగతా మొహం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. కరోనా రోజులు కదా, ఊళ్ళో మొహాలన్నీ మాస్కుల వెనకే ఉండేవి.

ఆ కళ్ళు మందుల షాపులో పనిచేసే అమ్మాయివి. రోజూ ఎనిమిదింటికి వెనక తలుపులోంచి ఎక్కి, ఎర్రటేపు అతికించని సీటు చూసుకుని కూర్చునేది. అతను పైనున్న అద్దంలోకి చూసేవాడు.

"డ్రైవర్ గారూ, రోడ్డు ముందుంది," అనేది ఆమె.

"వెనక కూడా చూసుకోమని రూలుందండీ."

ఆ మాత్రానికే అతను సాయంత్రం దాకా ఎవరిమీదా హారన్ కొట్టేవాడు కాదు.

రూల్స్ దగ్గర మాత్రం మొండిఘటం. మాస్కు లేదని సొంత మేనమామనే దించేశాడు. ఆయన ఇప్పటికీ ఇతనితో మాట్లాడటం లేదు. ఇలాంటి పనులకే రెండు ఫిర్యాదులొచ్చాయి.

"మూడోది వచ్చిందా, నిన్ను స్టీరింగ్ మీంచి లేపి బస్సులు కడిగే పనిలో వేస్తా," అని డిపో మేనేజరు తెగేసి చెప్పాడు. బస్సులు కడగడానికి అతనికేం నామోషీ లేదు. కాని అక్కడ అద్దంలో ఆ కళ్ళు కనబడవు, అదీ అతని బెంగ.

ఆ సోమవారం వాన. స్టాపులో ఒకమ్మాయి తడిసి ముద్దై ముందు తలుపు దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. అలవాటు చొప్పున డ్రైవరు చూపు మాస్కు ఉండాల్సిన చోటికే వెళ్ళింది. అక్కడ మాస్కు లేదు. ఇక ఆ పైకి చూడనే లేదు.

"మాస్కు లేకుండా ఎక్కకండి."

"తాడు ఇప్పుడే తెగిందండీ. నేనేనండీ!" వాన హోరులో ఆ గొంతు అతనికి ఆనలేదు.

"అందరూ నేనే అంటారు మేడమ్. ఇద్దామంటే నా దగ్గరా అయిపోయాయి."

"నన్ను గుర్తుపట్టలేదా?"

"పట్టినా సరే, రూలు రూలే."

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. రెండు స్టాపులు దాటాక అద్దంలో చూస్తే ఆమె సీటు ఖాళీ.

"ఇవాళ రాలేదేం?" అనుకున్నాడు పైకే.

"వచ్చింది కదయ్యా!" అన్నారు వెనక సీట్లో రిటైర్డ్ మాస్టారు. "నువ్వే వానలో వదిలేశావు."

డ్రైవరు అద్దంలో ఆ ఖాళీ సీటునే మళ్ళీ చూశాడు.

మూడు రోజులు ఆమె బస్సెక్కలేదు. పనిచేసేది ఏ షాపులోనో ఏనాడూ అడగని తన తెలివిని తనే తిట్టుకున్నాడు. నాలుగో రోజు మేనేజరు పిలిచాడు. బల్లమీద ఉత్తరం ఉంది.

"'మీ ఏడో నంబరు డ్రైవరు నన్ను వానలో వదిలేసి వెళ్ళాడు,'" అని చదివాడు మేనేజరు.

"తప్పు నాదే సార్. రేపట్నుంచి కడగడానికి వెళ్తాను."

"ఆగవయ్యా, ఇంకా ఉంది. 'మాస్కు లేదు కనక ఆయన చేసింది సబబే. ఎనిమిది నెలలు అద్దంలో చూసి కూడా నన్ను గుర్తుపట్టలేదు, అదే నా ఫిర్యాదు. ఆదివారం నాలుగింటికి పార్కులో, చెరువు ఎదురుగా ఉన్న పొడుగాటి బెంచీ దగ్గర విచారణకు హాజరు కావాలి.'" మేనేజరు కళ్ళజోడు తీశాడు. "దీన్ని ఏ ఫైల్లో పెట్టమంటావ్?"

డ్రైవరు ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం గడ్డం గీసుకుని, గంట ముందే వచ్చి, పార్కు చుట్టూ ఆరుసార్లు తిరిగాడు. నాలుగింటికి ఆమె బెంచీకి ఒక చివర మాస్కు తీసి కాఫీ తాగుతోంది. ఈసారి కళ్ళనే చూశాడు, ఇట్టే గుర్తుపట్టాడు. తనూ మాస్కు తీసి జేబులో పెట్టుకుని, రెండో చివర కూర్చుని నవ్వాడు.

ఆమె చిరాగ్గా చూసింది.

"ఇక్కడికి ఒకాయన వస్తారండీ. కాస్త వేరే బెంచీ చూసుకోండి."

అతను జేబులోంచి మాస్కు తీసి మొహానికి పెట్టుకున్నాడు.

ఆమె చేతిలో కాఫీ తొణికింది. "అయ్యయ్యో!" అంటూ రెండో చేత్తో మొహం కప్పుకుంది.

"ఇప్పుడు నేను రాయాలండీ ఫిర్యాదు," అన్నాడతను. "ఎనిమిది నెలలుగా ప్రేమిస్తున్న మనిషి నన్ను వేరే బెంచీ చూసుకోమంది."

ఆమె వేళ్ళ సందుల్లోంచి చూసింది. అవే కళ్ళు.

"ఫిర్యాదులెందుకు గానీ, మాస్కు తీయండి. ఈసారి సరిగ్గా చూసుకుంటాను," అంది. "రేపు మా ఇంట్లోవాళ్ళకి చూపించేటప్పుడు ఇంకొకర్ని చూపిస్తే బాగుండదు కదా!"